పప్పులో పడ్డ ఖుజామా

సౌదీలోని హుఫూఫ్‌లో ఖర్జూరపు తోటల మధ్య ఉన్న ఆ పెద్దింట్లో తోటపని భోజన్నది. నిర్మల్ వైపు రైతుబిడ్డ. ఆకు చూసి మొక్క పేరు చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. ఆ గొప్పే అతని కొంప ముంచింది.

ఆ చలికాలం వాన పడ్డాక ప్రహరీ వారన ఇసుకలో గుంపుగా మొలకలు లేచాయి. భోజన్న ఒక ఆకు నలిపి వాసన చూశాడు. ఘాటుగా ఉంది. ముల్లంగే, సందేహం లేదు! నెలల తరబడి ఇంటి రుచి ఎరగని మనిషి ఆగుతాడా? పీకి, కడిగి, పప్పులో వేసి వేళ్లు నాకుతూ తిన్నాడు.

మర్నాడు ఆ బోసి నేల చూసి డ్రైవర్ అబ్దుల్ ఘనీ తల పట్టుకున్నాడు. అతనిది కోరుట్ల. ఆ ఇంట్లో అరబ్బీ బాగా వచ్చిన పనివాడు అతనొక్కడే.

“ఏం జేసినవ్ భోజన్నా! అది ఖుజామా, ఎడారి పువ్వు. పెద్ద మామా తన చిన్నప్పటి పువ్వని విత్తనాలు ఏరుకొచ్చి సల్లుకున్నది. ఎప్పుడు పూస్తదని రోజూ అడుగుతున్నది.”

పెద్ద మామా అంటే కఫీల్ తల్లి; కఫీలంటే వీళ్లను పనికి రప్పించుకున్న యజమాని. ఆమె కొడుకుతో ఒక్క మాటంటే చాలు, పాస్‌పోర్టు మీద దేశం విడిచి పొమ్మనే ఖురూజ్ ముద్ర పడుతుంది, ఉద్యోగం పోతుంది. భోజన్న ప్రహరీ పొడుగునా వెతికాడు.

గోడమూల రాయి చాటున ఒక్క మొక్క మిగిలింది. అదైనా ఖుజామానో, ఉత్త కలుపో? ఏదైతేనేం, దానికి ఎరువు వేశాడు, రెండు పూటలా నీళ్లు పోశాడు. ఆకులు పసుపుబారాయి.

“నారుమడి అనుకున్నవా? ఇసుకల పుట్టినదానికి గన్ని నీళ్లెందుకు?” అని ఘనీ కసిరాడు.

భోజన్న ఎరువు తోడేసి ఇసుక పోశాడు. నీళ్ల పైపు అటు తిప్పడమే మానేశాడు. చేతులు కట్టుకుని కూర్చోవడం రైతుకి ఎంత కష్టమో! కిటికీలో ముసలామె కనబడితే చాలు, చెట్టు చాటుకు తప్పుకునేవాడు.

చలి తగ్గాక ఒక ఉదయం నాలుగు రేకుల ఊదా పువ్వు విచ్చింది. తియ్యటి వాసన. ఖుజామానే అని ఘనీ తేల్చాక భోజన్నకు ఏడుపొచ్చినంత పనైంది.

పెద్ద మామా కర్ర పట్టుకుని వచ్చింది. వంగి వాసన పీల్చి, చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత చుట్టూ చూసి, తక్కినవేవని అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ మొహం చూశాక భోజన్నకు దాచబుద్ధి కాలేదు. ముల్లంగి అనుకుని తినేశానని వచ్చీరాని అరబ్బీలో చెప్పేశాడు.

ఆమె కర్ర ఎత్తింది. భోజన్న కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే ఆమె పళ్లులేని నోటితో నవ్వుతూ గబగబా ఏదో అంటోంది.

“గుడారాలల్ల ఉన్నప్పుడు వాళ్లు గూడ లేతాకు తెంపుకొని తినేటోళ్లట,” అన్నాడు ఘనీ తనూ నవ్వాపుకోలేక. “ఒక్కనివే తిన్నవు, నాకింత ఎందుకు పెట్టలేదని అడుగుతున్నది.”