ఎర్హూ మీద మూడు స్వరాలు

ఆ రోజుల్లో నాకు సంగీతమంతా తెలుసు. చిన్నప్పుడు కొన్నేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో పగలు కోడింగ్ చేస్తూ, సాయంత్రాలు కాలేజీలో కంపోజిషన్ క్లాసుకి వెళ్ళే మనిషికి తెలియనిదేముంటుంది? (స్వరాలు కూడా కోడ్ రాసినట్టే రాసేదాన్ని. ఎర్రర్ రాకపోతే బాగున్నట్టే.) సెమిస్టర్ చివరి కచేరీకి పెద్ద వయొలిన్ లాంటి చెల్లోకీ, ఎర్హూ అనే చైనా తీగవాద్యానికీ కలిపి ఒక రచన చేశాను. కంప్యూటర్ దాన్ని తెగ తీయగా వాయించేది. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ మాత్రం (నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని) వంటింట్లోంచి అరిచేది. "ఏందే, పొద్దంతా గదే పాట! జర ఆపరాదే, నాకు ఆఫీస్ కాల్ ఉంది!" నేను ఆపలేదు సరికదా, మా ఆఫీసులో అందరినీ కచేరీకి పిలిచేశాను. నేను ఉత్త కోడర్ని కాదని వాళ్ళకి చూపించాలని మహా తాపత్రయం.

మా కింది అపార్ట్‌మెంట్ చైనా ఆంటీ ఎర్హూ వాయించడానికి ఒప్పుకుంది. (పెద్దవాళ్ళంతా మనకి ఆంటీలే కదా, ఆవిడకీ తప్పలేదు.) మొదటి రిహార్సల్‌లో, రెండో పేజీ దగ్గర ఆవిడ కమాను కింద పెట్టేసింది. "ఇక్కడ మూడు స్వరాలు ఒకేసారి రాశావు. నాకున్నవి రెండు తీగలు. మూడోది నువ్వు పాడతావా?" అంది ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా.

"కంప్యూటర్‌లో బాగానే వచ్చింది ఆంటీ."

"అయితే కచేరీకి దాన్నే పిలువు."

చెల్లో వాయించే క్లాస్‌మేట్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నా రచనంతా ఆ మూడు స్వరాల మీదే నిలబడి ఉంది. అవి తీసేస్తే మిగిలేదేమీ లేదు. కచేరీ చూస్తే ఆ వారాంతమే. నాకు ఏడుపొచ్చేసింది.

ఆంటీ ఎర్హూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కమాను రెండు తీగల మధ్య ఇరుక్కుని ఉంటుందనీ, తీగని నొక్కి ఆనించడానికి వయొలిన్‌కున్నట్టు కింద పలక ఉండదనీ నాకు అప్పుడే తెలిసింది. నేను వాయిస్తే తలుపు సందులో తోక పడ్డ పిల్లిలా అరిచింది. "సరే, ఆ మూడు స్వరాల చోట నీకేం వినాలనుంది? పాడు," అంది ఆంటీ. సిగ్గుపడుతూనే పాడాను. ఒక్కటే స్వరం, పై స్వరం అంచుదాకా జారి, ఊగి, మళ్ళీ దిగొచ్చేది. చిన్నప్పుడు వయొలిన్ మాస్టారు పట్టుబట్టి నేర్పించిన గమకం. ఆంటీ తీగని వేలితో నొక్కి మొదటిసారికే పట్టేసింది. ఆ మూడు స్వరాలూ కొట్టేసి, అక్కడ అదొక్కటే రాశాను.

కచేరీలో ఆ చోటు వచ్చినప్పుడు హాలంతా కదలకుండా కూర్చుంది. తర్వాత ప్రొఫెసర్ వచ్చి, ఆ స్వరం ఎవరి ఆలోచన అని అడిగారు. నేను ఆంటీని చూపించాను, ఆంటీ నన్ను చూపించింది. "గా ఒక్కదాని కోసమా మమ్మల్ని గింత సంపినవ్?" అంటూనే అక్క కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఏ వాద్యానికి రాయాలన్నా ముందు వాయించేవాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుంటాను, పది ప్రశ్నలు అడుగుతాను, రాసింది నాలుగుసార్లు కొట్టేస్తాను. రచనలు బాగానే ఉంటున్నాయంటారు. కానీ ముట్టుకోని వాద్యానికి మూడు స్వరాలు రాసేసి, ఊరందరినీ వినడానికి పిలిచిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. నాకిప్పుడు అంత ధైర్యం లేదు.