బండి కింద తడి

మొన్న సాయంత్రం గోదావరి గట్టు మీద నడుస్తుంటే పర్యాటకుల కోసం తెచ్చిన కొత్త వ్యాను ఒకటి ఆగి ఉంది. లోపల మంచాలు, ఫ్రిజ్, సింకు, పైన ఏసీ, చక్రాల మీద చిన్న ఇల్లే అనుకోండి. జనమంతా తలుపులోంచి తొంగి చూసి మురిసిపోతున్నారు. నేను మాత్రం వంగి ఆ బండి కింద నేల తడిసిందేమోనని చూశాను. ఈ మోకాళ్ల నొప్పులతో ఆ వంగడమేమిటని మా చెల్లెలు కోప్పడింది. తనకేమని చెప్పను?

మావారు బస్సు డిపోలో మెకానిక్‌గా చేరి, పెద్ద మేస్త్రి అయి రిటైరయ్యారు. బస్సు షెడ్డులోకి వస్తుండగానే ఆయిల్ మాడుతోందో, క్లచ్చి కాలుతోందో గాలిలోనే పసిగట్టేవారట. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, ఇవాళ వంకాయ కూరలో అల్లం ఎక్కువైందని గుమ్మంలోంచే అనే మనిషి. రిటైరయ్యాక, కడియం నర్సరీల నుంచి మొక్కలు మోసి మోసి అలిసిపోయిన పాత డీజిల్ వ్యాను ఒకటి కొని, వేసవంతా చెమటోడ్చి దాన్ని ఇల్లు చేశారు: మడత మంచం, గ్యాసు పొయ్యికి గట్టు, నీళ్ల డ్రమ్ము, నా పోపుల డబ్బా కదలకుండా ఒక గూడు. ఉద్యోగమున్నన్నాళ్లూ పండగలకైనా ఇంటిపట్టున లేని మనిషి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెనుగొండ అమ్మవారి గుడికనీ, అంతర్వేది సముద్రానికనీ ఊళ్లన్నీ తిప్పారు. మన కాలంలో మొగుడూ పెళ్లాం తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడమంటే ఎంత అపురూపమో మీకు తెలియనిది కాదు. నాకది జుట్టు నెరిశాక దొరికింది.

ఒక వానాకాలం వెళ్లిపోయాక బండి కింద తడి కనిపించింది. డ్రమ్ము కారుతోందనుకుని కుళాయి మార్చారు, తడి ఆగలేదు. పాత పంచె చింపి, తిరిగొచ్చిన బండి కింద పరిస్తే దాని మీద లేత పసుపు మరక పడింది. వేళ్ల మధ్య రాస్తే జిడ్డు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. ఇంజను ఆయిలైతే నల్లగా ఉండాలి, డీజిలైతే ఆమడ దూరం కొడుతుంది, కనుక ఇది బ్రేకాయిలేనని తేల్చి, నాలుగు చక్రాలూ ఊడదీసి గొట్టాలన్నీ మార్చారు. అయితే బ్రేకాయిల్ డబ్బాలో మట్టం మొదటి నుంచీ వెంట్రుకవాసి కూడా దిగలేదు. కదపకుండా ఉంచిన రోజుల్లో బండి నుంచి చుక్క పడదు; కాస్త తిరిగొస్తే మళ్లీ అదే తడి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు వచ్చి చూస్తామంటే, నా బండి సంగతి నాకు తెలియదా అని పంపించేశారు. పంచె ముక్కలు చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, అన్నానికి పిలిచినా వినిపించేది కాదు. బండిలో డీజిల్ వాసన నాకు ఎప్పుడూ వస్తూనే ఉండేది గాని, పాత బండి కదా, అంతే కాబోలనుకునేదాన్ని.

జంగారెడ్డిగూడెంలో ఉన్న మా ఆడపడుచు రమ్మంటే, మార్చినవన్నీ ఎలా పనిచేస్తున్నాయో చూసినట్టూ ఉంటుందని బయలుదేరాం. దారిలో పామాయిల్ తోటల పక్కన ఆపి, టీ పెడదామని నేను అల్లం దంచి పొయ్యి వెలిగించబోతుంటే, ఆయన బండి కిందికి దూరి, తడి చెయ్యి ముందుకు చాపుకుని వచ్చి నిలబడ్డారు.

"చూడవే, మళ్లీ కారింది. వాసనేమీ లేదు. ఏంటో అంతుపట్టట్లేదు."

ఆ చెయ్యి నా దగ్గరికి రాకముందే ఘాటు కొట్టింది. గీయబోతున్న అగ్గిపుల్ల అవతల పడేశాను.

"ఏమండీ, డీజిలండీ అది!"

"ఊరుకోవే. డీజిలైతే నాకు తెలీదా?"

నవ్వుతూనే వేళ్లు ముక్కుకి ఆనించుకున్నారు. మళ్లీ ఆనించుకున్నారు. చెయ్యి తుడుచుకుని, దంచిన అల్లం తీసి వాసన చూశారు. పోపుల డబ్బాలో ఇంగువ చూశారు. మూత పెట్టడం మరిచిపోయి ఆ డబ్బా అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదే నాకు," అన్నారు.

పొయ్యి వెలిగించకుండానే మెల్లగా జంగారెడ్డిగూడెం చేరి, ఒక షెడ్డులో చూపించాం. ఇంజనులో మిగిలిన డీజిల్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్న రబ్బరు పైపు చిట్లిందట. ఇంజను నడిచినప్పుడే అందులో డీజిల్ పారుతుందట. కొత్త పైపు వేయడం ఎంతసేపో పట్టలేదు. ఇదివరకైతే పక్కన నిలబడి ప్రతి బోల్టుకూ ఏదో ఒకటి చెప్పే మనిషి, బెంచీ మీద కూర్చుని, ఎవరి బండో అన్నట్టు చూస్తూ ఉండిపోయారు. జలుబేమో అన్నయ్యా అని మా ఆడపడుచు ఆవిరి పట్టించింది. మాకూ జలుబనుకోవాలనే ఉంది.

రాజమండ్రిలో డాక్టరుగారు ఆయన్ని అటూ ఇటూ నడిపించి, చేతులు చాపించి చూసి, ఇది నరాల జబ్బనీ, కొందరికి వణుకు మొదలవడానికి ఎంతో ముందే వాసన పోతుందనీ, పూర్తిగా నయం కాదు గాని మందులతో కొంత నెట్టుకు రావచ్చనీ చెప్పారు. మావారు ఒక్క మాటే అడిగారు.

"బండి నడపొచ్చాండి?"

"వద్దండి," అన్నారాయన.

బండి అమ్మేశాం. నా పోపుల డబ్బా గూడు తానే ఊడదీస్తానని కూర్చున్నారు గాని, స్క్రూడ్రైవరు గాడిలో నిలవలేదు. చివరికి నేనే తిప్పాను.

ఇప్పటి బండ్లలో ఏ లోపమొచ్చినా ఎదుట దీపం వెలుగుతుందట, వేళ్లు ముంచి వాసన చూసే పనే లేదట. మంచిదే. మా ఇంట్లో మొదట్లో ఆయన, ఏం వాసనొస్తోందే అని అస్తమానం అడిగేవారు. మామిడి పూతనీ, తొలకరి మట్టినీ, కాలువలు వదిలాక చేలల్లోంచి వచ్చే బురద వాసననీ నాకొచ్చిన మాటల్లో చెబితే, కళ్లు మూసుకుని వినేవారు. ఈ ఏడు కాలువలకు నీళ్లు వదిలిన రోజున కూడా కిటికీ దగ్గరే కూర్చున్నారు. అడుగుతారేమోనని పక్కనే చాలాసేపు నిలబడ్డాను. అడగలేదు.