గురుత్వ తరంగాలూ నా నులక మంచమూ

1950ల మొదట్లో కడప పక్కన ఒక ఊరి హైస్కూల్లో నేను సైన్సు అయ్యవారిని. ఉద్యోగం తాత్కాలికం. ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం మెచ్చితేనే ఖాయం, లేకుంటే మూట సర్దుకోవడమే. బుద్ధున్నవాడైతే బావి కప్పీ గురించి చెప్పి బయటపడేవాడు. నేను మద్రాసులో చదివొచ్చిన మేధావిని కదా, గురుత్వ తరంగాలు ఎత్తుకున్నాను.

మా ప్రయోగశాల వైభవమంతా ఒక పగిలిన గాజుగొట్టం. అందుకని నా గదిలోని నులక మంచం తెమ్మని పిల్లల్ని పంపాను. మోయడం సులువని, బోర్లించి కాళ్లు పైకి పెట్టి నెత్తిన తెమ్మన్నాను. మా వైపు మంచం అట్లా వీధికెక్కిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. సైన్సు తలకెక్కినవాడికి ఇలాంటి చిల్లర సంగతులు గుర్తుండవు. అయ్యవారి మాటకు ఎదురుచెప్పే పిల్లలు అప్పట్లో లేరు.

ఇన్‌స్పెక్టరు బండి దిగేసరికి మంచం వచ్చింది, దాని వెనక సగం బజారు వచ్చింది. ముందు మా ఇంటి యజమానురాలు గుండెలు బాదుకుంటూ వస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"బతికే ఉండావా నాయనా? పొద్దున ఏమీ తినకుండా పోతివే, యాడన్నా పడిపోయినావేమో అనుకుంటి."

నా చావుకు ఇంత జనం కూడతారని తెలిసి కొంచెం గర్వపడ్డాను కూడా.

జనాన్ని పంపేసి పాఠం మొదలుపెట్టాను. కీళ్లు వదులైన మంచం మూల పట్టి నెట్టాను. ఒక మూల నుంచి ఎదుటి మూలకు సాగింది, మిగతా రెండు మూలలూ దగ్గరయ్యాయి. వెనక్కి లాగితే తారుమారైంది.

"బరువైన నక్షత్రాలు రెండు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగితే, చుట్టూ ఉన్న చోటే ఇట్లా కదులుతుంది. ఆ కదలిక వెలుగంత వేగంగా పోతుంది. దారిలో ఉన్నదాన్ని ఒకవైపు సాగదీసి, అడ్డంగా కుదిస్తుంది."

"మనల్నీ సాగదీస్తాండాదా సార్?" అన్నారు పిల్లలు. అవునన్నాను. వాళ్ల మొహాలు చూసి నాకు పట్టలేని సంతోషం వేసింది.

"ఎంత సాగుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏ పరికరానికీ అందనంత కొంచెమండి."

"ఎవరైనా చూశారా?"

"లేదండి. ఉన్నాయో లేవో పెద్దవాళ్లే తగువులాడుతున్నారు."

"కనపడనిదీ కొలవలేనిదీ చెప్పడానికి ఒంటిమిట్ట గుడిలో అర్చకులున్నారు. దానికి సర్కారు జీతం దండగ."

అంతటితో నా కొలువు ఊడిపోయింది. సాయంత్రం ఇంటికెళ్లి యజమానురాలితో చెప్పాను.

"పోతే పోనీలేప్పా. బతికుండావు, అది చాలదా?" అంది.

"చాలదమ్మా," అన్నాను, ఆ పిల్లల మొహాలు తలుచుకుంటూ.