వెల్లకిలా తిప్పింది నేనే

ఊపిరాడని మనిషిని బోర్లా పడుకోబెట్టే వైద్యం ఎక్కడైనా ఉందా? దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న దవాఖానలో, నలుగురూ వినేలా, డాక్టరును ఇదే అడిగాను. అడిగాను కాదు, అరిచాను.

తెలంగాణ కోసం రోడ్లన్నీ మండుతున్న రోజులు. ఆ రోజు బంద్. ఐదు రోజుల జ్వరంతో రొప్పుతున్న అక్కను పక్కింటాయన కారులో మన్సూరాబాద్ నుంచి తెచ్చాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో మనవాళ్లను బతిమాలుకుంటే దారిచ్చారు. వారం ముందు అక్కడే నిలబడి బండ్లు ఆపినవాణ్ణి నేను.

రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా అన్నారు. పెద్ద దవాఖానలో సాయంత్రం దాకా బెడ్డు లేదట. ఇక్కడేమో ఆక్సిజన్ తప్ప మరో యంత్రం లేదు. మాస్కు పెట్టినా వేలికి తగిలించిన మీటరు మీద ఆక్సిజన్ అంకె ఎనభై రెండు దాటడం లేదు.

"అమ్మా, బోర్లా పడుకోండి. నిద్రపోనక్కర్లేదు, ఊరికే పడుకుంటే చాలు," అన్నాడు డాక్టరు. కోస్తా మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా ఊళ్లె పసిపిల్ల నిద్రల బోర్ల పండుకున్నా అరిష్టమని తిప్పుతం. మీకాడ గిట్లనే సంపుతరా?"

"చంపాలనుకుంటే ఇంత శ్రమెందుకండీ? ఆ దిండు ఇలా ఇవ్వండి."

అక్క మాస్కులోంచే కసిరింది. "తమ్మీ, లొల్లి బంజెయ్. నీ గొంతుకు నా దమ్ము నాకే ఇనొస్తలేదు."

ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒక దిండు పెట్టి పడుకోబెట్టారు. అరగంటకు అంకె తొంభై దాటింది. మీటరే ఖరాబై ఉంటుందన్నాను. రెండు గంటలు ఇలాగే ఉంచాలని, అవసరమైతే పిలవమని చెప్పి డాక్టరు ఇంకో రోగి దగ్గరికి వెళ్లాడు.

నేను కూర్చోలేకపోయాను. కిటికీ, తలుపు, మళ్లీ కిటికీ. కింద రోడ్డు మీద నినాదాలు వినబడుతుంటే కాళ్లు అటే లాగుతున్నాయి. ఇంతలో అక్క, "మెడ పట్టేసింది రా, జర మర్లపు," అంది. డాక్టరును పిలవాలి. పిలవలేదు. నిజం చెప్పాలంటే, సంతోషంగానే వెల్లకిలా తిప్పాను.

కొన్ని నిమిషాలకే అక్క పెదవులు నల్లబడ్డాయి. అంకె ఎనభై. డెబ్బై ఎనిమిది.

"సారూ!" అని అరిచాను. ఆయన్ను సారూ అనడం అదే మొదలు.

పరుగున వచ్చి తిప్పాడు. "ఎవరు మార్చారండీ?"

"నేనే మర్లిన," అంది అక్క, ఊపిరి కూడదీసుకుని. అది అబద్ధమని ఈనాటికీ ఒప్పుకోదు.

అంకె ఈసారి చాలా నిదానంగా ఎక్కింది. అప్పుడడిగాను, ఎందుకిట్లా అని. మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు. ఊపిరితిత్తులు వీపు వైపే ఎక్కువట. వెల్లకిలా పడుకుంటే గుండె, పొట్ట బరువుకు ఆ భాగం అణిగిపోతుందట. బోర్లా పడుకుంటే అక్కడికి గాలి చేరుతుందట. అంతే! బడి మొహం చూడని నాకు రెండు నిమిషాల్లో అర్థమైంది. మళ్లీ కోపమొచ్చింది.

"గీ ముచ్చట ముందుగాల చెప్తే ఏమాయె? ధోతి కట్టినోనికి సమజ్ కాదనుకున్నరా?"

"మీరు అడగలేదు కదండీ. తిట్టారు."

"తిప్పింది నేనే," అన్నాను.

"తెలుసు. తనంతట తాను తిరిగే ఓపిక ఆవిడకెక్కడిది?"

సాయంత్రం బెడ్డు దొరికే దాకా స్టూలు మీద నుంచి లేవలేదు. అక్క మెడ నొప్పి అన్నప్పుడల్లా చెయ్యి వెయ్యకుండా ముందు డాక్టరును పిలిచాను.

"గింత పిరికోనివి ఎప్పుడైనవ్ రా?" అని దిండులోకే నవ్వింది అక్క.