పూలబుట్ట సారు పొరపాటు

విమానం దించడంలో ఆయన చేతికి తిరుగులేదని అందరూ ఒప్పుకునేవారు. నిండు పూలబుట్టను నెత్తిమీంచి దించి నేలమీద పెట్టినట్టు దించేవాడు. చక్రాలు నేలకు తగిలిన సంగతి కునుకు తీస్తున్న ప్రయాణికులకు తెలిసేదే కాదు. అందుకే తోటి పైలట్లు ఆయనకు 'పూలబుట్ట సారు' అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ఇష్టం.

ఆయనతో ఎక్కువసార్లు ఎగిరింది ఒక ఎయిర్ హోస్టెస్. చిన్నవాళ్ళందరికీ ఆమె 'అక్క'. తండ్రి లేడు, పెళ్ళి వద్దనుకుంది, తల్లిని చూసుకుంటూ సగం బతుకు ఆకాశంలోనే గడిపింది. నోరు తెరిస్తే చమత్కారం. "సార్, కాఫీ పంపనా, ఇక్కడ నా బుర్ర తినేస్తున్న పెద్దమనిషిని పంపనా?" అని కాక్‌పిట్‌కి ఫోన్ చేసేది. "రెండూ వద్దు గానీ, నువ్వు కాసేపు కూర్చోమ్మా" అనేవాడాయన. ఆమె కూర్చుంటే కదా!

ఆ మధ్యాహ్నం ఆకాశం కడిగినట్టుంది. ఇంటిదారి పట్టిన విమానం కిందికి దిగుతోంది. నడుపుతున్నది ఆయనే. పక్కన కో-పైలట్ అమ్మాయి, దిగాక ఎక్కడ ఆగాలో రెండో రేడియోలో కంపెనీవాళ్ళని కనుక్కుంటోంది. అప్పుడే, నేలమీంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ పిలిచాడు. పదకొండు వేల అడుగులకు దిగి అక్కడే ఉండమన్నాడు.

"పదకొండు వేలు" అని ఆయన స్పష్టంగా తిరిగి చెప్పాడు. నోరు సరిగ్గానే చెప్పింది. ఏ ఎత్తులో ఆగాలో విమానానికి చెప్పే నాబ్ తిప్పిన చెయ్యి మాత్రం పది వేల దగ్గర ఆగింది. ఏళ్ళ తరబడి ఆ దారిలో పది వేలకే దిగమనేవారు. ఆ రోజు కిందనుంచి మరో విమానం పైకి వస్తోంది కాబట్టి, వెయ్యి అడుగులు పైనే ఉండమన్నారు. చెయ్యి పాత అలవాటు ప్రకారం పోయింది. పెట్టిన అంకెను పైలట్లిద్దరూ సరిచూసుకోవాలి. అమ్మాయి మాటలు ముగించాక చూద్దాంలే అనుకున్నాడు. అనుకుని మరిచిపోయాడు.

పదకొండు వేలు దాటి విమానం ఇంకా దిగుతుంటే, కింద మరో విమానం దగ్గరపడిందని కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగింది. పైకి లేపమని యంత్రం కేకపెడుతోంది. అమ్మాయి ఉలిక్కిపడి అంకె చూసింది.

"సార్, పదకొండు అన్నట్టున్నాడు కదా!"

ఆయన అవసరానికి మించిన జోరుతో పైకి లాగాడు. ఎక్కువైందని తెలిసి, అంతే జోరుగా ముక్కు కిందికి వంచాడు. ఆ రెండో విమానం వాళ్ళ కిందనుంచి దాటిపోయింది.

ప్రయాణికులంతా బెల్టులు పెట్టుకుని ఉన్నారు. అక్క ఒక్కతే వెనకాల నిలబడి కాఫీ బండికి గొళ్ళెం పెడుతోంది. మొదటి కుదుపుకు మోకాళ్ళమీద కూలబడింది. రెండోదానికి ఎగిరి పైకప్పుకు కొట్టుకుని, బండి అంచుమీద నడుం విరిగేలా పడింది.

ఆ రోజు కూడా ఆయన విమానాన్ని పూలబుట్టలాగే దించాడు. కింద అంబులెన్సు సిద్ధంగా ఉంది.

విచారణకు ముందు కంపెనీ పెద్దాయన ఆయన్ని గదిలోకి పిలిచి మెల్లగా అన్నాడు. "రేడియోలో గరగర వచ్చింది, సరిగ్గా వినపడలేదు అనండి. మీకూ మంచిది, మాకూ మంచిది."

"గరగర లేదండీ. సరిగ్గానే విన్నాను, సరిగ్గానే చెప్పాను, తప్పు పెట్టాను. ఆ కో-పైలట్ అమ్మాయి జోలికి వెళ్ళకండి."

విచారణలోనూ అదే చెప్పి, ఉద్యోగం వదిలేశాడు. మళ్ళీ విమానం ముట్టుకోలేదు.

అక్క బతికింది. నడుం కింద మాత్రం ఆమెకు స్పర్శ లేదు.

ఆయన పళ్ళు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్తుండేవాడు. తల్లి తలుపు తీసి, మొహం తిప్పుకుని వంటింట్లోకి పోయేది. మంచం పక్కన కూర్చోగానే ఆయనకు కళ్ళనీళ్ళు ఆగేవి కావు.

"ఊరుకోండి సార్. ఇన్నేళ్ళూ కూర్చోమన్నారుగా, కూర్చున్నాను" అని నవ్వించబోయేది. ఆయన ఇంకా ఎక్కువ ఏడ్చేవాడు.

ఒకనాడు ఆమె నవ్వలేదు.

"సార్, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. మీరొచ్చినప్పుడల్లా ఏడుస్తారు. మిమ్మల్ని ఓదార్చి పంపేసరికి నాకు ఓపిక అయిపోతోంది. నా ఏడుపు నన్ను ఏడవనివ్వండి. ఇక రాకండి."

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తకుండానే అంది. "సరిగ్గానే చెప్పింది. మీరు నాకు పెట్టిన పనీ అదే."

ఆయన ఆవిడవంక చూశాడు. మనిషి సగానికి సగం చిక్కిపోయింది. ఎప్పుడు చిక్కిపోయిందో ఆయనకు తెలియలేదు. పక్కన కూర్చుని ఒక దుప్పటి అందుకుని మడతపెట్టసాగాడు.

చాలా నెలలకు అక్క ఫోన్ చేసింది.

"సార్, మీకు కారు నడపడం వచ్చా?"

"వచ్చమ్మా."

"ఆస్పత్రికి తీసుకెళ్ళే డ్రైవరు మానేశాడు. అమ్మ ఒక్కత్తీ నన్ను ఎత్తలేకపోతోంది. ఒకటే షరతు. కారులో ఏడుపు కుదరదు."

అలా ఆమెకు డ్రైవరయ్యాడు. ప్రతి వారం ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మడిచి వెనక పెట్టి, గతుకు గతుకుకీ బండి నెమ్మది చేస్తూ తీసుకెళ్ళేవాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టేవారు. ఆమె పాత ప్రయాణికుల గొంతులు అనుకరించి చెబుతుంటే ఇద్దరూ నవ్వేవారు. క్షమించానని ఆమె ఏనాడూ అనలేదు. ఆయనా అడగలేదు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఒక చలికాలం మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ సోకి అక్క ఆస్పత్రిలోనే పోయింది.

అంత్యక్రియల నాడు ఇల్లు నిండా జనం. ఒక మూల భార్యతో నిలబడ్డ ఆయన్ని చూపించి, ఎవరో దూరపు చుట్టం తల్లిని అడిగాడు.

"ఈయనెవరు పిన్నీ?"

"దాన్ని వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు" అంది ఆమె.

అక్కడితో ఆపేసింది. మిగతాది ఆయనే చెప్పాడు.

"ఆ రోజు విమానం నడిపింది కూడా నేనేనండీ."

ఆ చుట్టం తల్లివంక తిరిగాడు.

"అవును. ఇద్దరూ ఈయనే" అంది తల్లి. అని, పక్కకు జరిగి, కూతురి దగ్గరికి ఆయనకు దారి ఇచ్చింది.