నాంపల్లి రోడ్డు మీద అల్లుడి ముచ్చట్లు

బీరయ్య, రాజమల్లు ఒకే రైల్లో హైదరాబాదుకు తిరిగొచ్చారు గానీ ఒకే డబ్బాలో రాలేదు. జనగాం స్టేషన్లో బండి ఆగగానే ఒకడు ఇంజను వైపు, ఇంకొకడు గార్డు వైపు పరుగెత్తారు. ఊరికి పోయేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పొట్లంలో పుట్నాలు తింటూ పోయినవాళ్లే. మధ్యలో జరిగిందల్లా ఒక తొట్టెల పండుగ.

రాజమల్లుకు అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. కురుమల పిల్లవాడు. రెండేళ్లు వరసగా వానలు ముఖం చాటేసి మందలో సగం గొర్రెలు పోతే, మిగిలినవాటిని తల్లి పోశవ్వకు అప్పజెప్పి, బావ బీరయ్య వెంట పట్నం వచ్చాడు. బావ అంటే అక్క సౌభాగ్య మొగుడు. ఆబిడ్స్‌లో కుర్చీలూ మంచాలూ అమ్మే ఒక దుకాణంలో బీరయ్య హమాలీ. ఆ వెనక సందులోనే శ్రీపతిరావు అనే వకీలు బంగళాలో రాజమల్లుకు తోటపని దొరికింది. నాంపల్లి స్టేషను పక్క గల్లీలో ఒక అర్ర కిరాయికి తీసుకుని ఇద్దరూ ఒకే కుండలో వండుకునేవారు. బావ ఉప్పు ఎక్కువేస్తే బామ్మర్ది నీళ్లు పోసేవాడు, అంతకు మించి వాళ్ల మధ్య తగువు లేదు.

ఆ వానాకాలం సౌభాగ్య పుట్టింట్లో కొడుకును కన్నది. పిల్లవాడిని తొట్టెలో వేసి పేరు పెట్టే రోజున బీరయ్య తండ్రి పక్క ఊరి నుంచి బంధువులను వెంటబెట్టుకొచ్చి, తన తండ్రి పేరు బక్కయ్య అని పెట్టాలన్నాడు. పోశవ్వ ఒప్పుకోలేదు. పోయిన తన పెనిమిటి పేరు కొమురయ్య అని పెట్టాలన్నది.

"కలలకొచ్చి అడిగిండు. 'పోశీ, నేను మల్ల వచ్చిన' అన్నడు" అన్నది.

"మా అయ్య గూడ వచ్చిండు నా కలలకు. నీ మొగని కంటే ముందుగాల్నే వచ్చిండు" అన్నాడు వియ్యంకుడు.

ఎవరి కల ముందన్న దగ్గర మొదలైన మాట, ఎవరి ఊరి బావినీళ్లు చప్పగా ఉంటాయన్న దాకా పోయింది. పిల్లవాడికి పేరు పెట్టకుండానే పండుగ ముగిసింది. అన్నాలు మాత్రం అందరూ కడుపునిండా తిన్నారు. చేతులు కడుక్కున్నాక పోశవ్వ కొడుకును పెరట్లోకి లాక్కుపోయి నెత్తి మీద చెయ్యి పెట్టించుకుంది. "ఆ బీరిగానితోని మాట్లాడినవో, వాని పక్కపొంటి నడిచినవో, నా మీద ఒట్టు." గోడకు అవతల వియ్యంకుడు తన కొడుకు దగ్గర అచ్చం అదే ఒట్టు పెట్టించుకుంటున్నాడు. మాటలు కూడా రెండు పక్కలా వినబడుతూనే ఉన్నాయి.

పట్నం వచ్చాక బీరయ్య తన మూట తీసుకుని, స్టేషను ముందున్న ఒక గోదాము వరండాలోకి మారాడు. రాజమల్లు ఒక్కడే వండుకున్నాడు. నీళ్లు పోయాల్సిన అవసరం లేని కూర ఎందుకో నోటికి రుచించలేదు.

చలికాలం వచ్చింది. తెల్లవారితే నాంపల్లి రోడ్డు మీద మంచు ఎంత దట్టంగా ఉండేదంటే, ముందు టాంగా గంట వినబడి, ఆ తర్వాత గుర్రం, చిట్టచివరికి టాంగా కనబడేవి. పనికి పోయే వేళ ఇద్దరికీ ఒకటే, పోయే దిక్కూ ఒకటే. ఒట్టు ఉంది కాబట్టి రాజమల్లు రోడ్డుకు ఈ పక్కన, బీరయ్య ఆ పక్కన నడిచేవారు. ఇద్దరూ నల్ల గొంగడి నెత్తి మీంచి కప్పుకుని, భుజాలకు అడ్డంగా కట్టె పెట్టుకుని, చేతులు దాని మీద వేలాడేసుకుని నడుస్తుంటే, మందకు రెండు వైపులా కాపు కాస్తున్నట్టే ఉండేది. నడుమ పోయే సైకిళ్లూ టాంగాలూ వాళ్ల గొర్రెలు.

నిజానికి బీరయ్య బాధ రాజమల్లు బాధ కంటే పెద్దది. సౌభాగ్య ఇంకా పుట్టింట్లోనే ఉంది. తగువు తేలేదాకా కోడల్ని తెచ్చుకునేది లేదని బీరయ్య తండ్రి, బిడ్డను పంపేది లేదని పోశవ్వ భీష్మించారు. కొడుకు ఎట్లా ఉన్నాడో బీరయ్యకు చెప్పే మనిషే లేడు. రాజమల్లుకు మాత్రం ప్రతి వారం కబురందేది. వాళ్ల ఊరి పోచయ్య గొంగళ్లు అమ్ముకోవడానికి వారానికోసారి రైలెక్కి వచ్చి, పోశవ్వ చెప్పమన్న మాటలన్నీ రాజమల్లు అర్రలో దించి పోయేవాడు.

ఒకనాడు పొద్దున్నే రాజమల్లు నడుస్తూ నడుస్తూ ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. అవతలి పక్కన బావ తల వంచుకుని పోతున్నాడు. గొంగడిలో సగం అయిపోయినట్టున్నాడు మనిషి. రాజమల్లు గొంతు సవరించుకుని, స్తంభానికి గట్టిగా చెప్పాడు:

"మా అక్క కొడుకు బోర్లపడ్డడట!"

బీరయ్య కాళ్లు ఆగిపోయాయి. చుట్టూ చూశాడు. మాట్లాడటానికి తన పక్కన స్తంభం లేదు. ఆగి ఉన్న ఒక టాంగా గుర్రం కనబడింది.

"ఎన్నడు పడ్డడో ఏమో! ఏడ్వలేదు గదా?" అని గుర్రాన్ని అడిగాడు.

"ఏడుసుడేంది, నవ్విండట!" అన్నాడు రాజమల్లు స్తంభంతో.

టాంగావాడు ఇద్దరినీ చూసి, గుర్రాన్ని నాలుగడుగులు ముందుకు జరిపి పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ముచ్చట సాగింది. కానీ స్తంభాలూ గుర్రాలూ కావలసిన చోట దొరకవు. కొండమ్మ దొరికింది. ఆమె నాంపల్లి నుంచి ఆబిడ్స్ హోటళ్లకు విస్తరాకుల కట్టలు మోసుకుపోయేది. ఐదుగురు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి. ఇద్దరి మధ్యా నడుస్తుంది కాబట్టి ఇద్దరూ ఆమెతోనే మాట్లాడటం మొదలుపెట్టారు.

"కొండవ్వా, మా అల్లుడు ఉగ్గు మంచిగ తింటున్నడట!"

"కొండవ్వా, వాని తల్లి పానం ఎట్లుందో జర అడుగరాదు?"

"నా నెత్తి మీద కట్టలున్నయి, కాళ్ల కింద రోడ్డుంది. మీకు నడుమ తపాలా మోసుడు గూడ నా పనేనా? నోళ్లు లేవా మీకు?"

"ఉన్నయి గని, ఒట్లున్నయి కొండవ్వా" అనేవాడు రాజమల్లు దీనంగా.

తిట్టినా కొండమ్మ మాత్రం వాళ్ల కోసం స్టేషను ముందు రోజూ కాసేపు ఆగేది. బీరయ్య కూడా ఊరికే ఉండలేదు. మంచి కబురు విన్న రోజున, ఆబిడ్స్ దగ్గరి ఇరానీ హోటల్లో ఒక చాయ్‌కి పైసలిచ్చి, తాగకుండా పోయేవాడు. వెనకే వచ్చిన రాజమల్లు అది తాగేవాడు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, ఒట్టుకు ఏ లోటూ రాలేదు.

ఆ చాయే కొంప ముంచింది. పుష్యమాసంలో చలి ముదిరి మోకాళ్లు పట్టేసి పోచయ్య రావడం మానేశాడు. రాజమల్లు దగ్గర ముచ్చట్లు అయిపోయాయి. అవతలి పక్క నుంచి బావ మెడ నిక్కించి చూస్తున్నాడు. చాయ్ ఒక్కటే కాదు, ఆ ముఖం చూస్తే రాజమల్లుకు ఉత్త చేతులతో నడవబుద్ధి కాలేదు.

"కొండవ్వా, అల్లునికి పన్ను వచ్చిందట" అన్నాడు.

బీరయ్య ఆనాడు రెండు చాయ్‌లు పెట్టిపోయాడు. మరునాడు రాజమల్లు పిల్లవాడిని కూర్చోబెట్టాడు. ఆ తర్వాత పాకించాడు. పసిపిల్లలు ఏ నెలలో ఏం చేస్తారో అతనికి తెలియదు. గొర్రెపిల్లల సంగతే తెలుసు, అవి పుట్టిన పూటే లేచి నిలబడతాయి. అందుకని వారం తిరగకముందే అల్లుడిని గోడ పట్టుకుని నిలబెట్టి, ఇంకో రెండు రోజులకు వాకిట్లో నడిపించేశాడు.

కొండమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. "ఐదు నెలల పోరడు నడుసుడేంది?"

అవతలి నుంచి బీరయ్య ఛాతీ విరుచుకున్నాడు. "మా ఖాందాన్‌ల గంతే కొండవ్వా! మా అయ్య గూడ జల్దీ నడిచిండట!"

"ఔ మల్ల! ఇంక వారమైతే నా కట్టలు గూడ మోస్తడు" అని కొండమ్మ ముందుకు కదిలింది. రాజమల్లు చెవులు వేడెక్కాయి గానీ, బీరయ్య అప్పటికే దుకాణంలో హమాలీలందరికీ బెల్లం ముక్కలు పంచాడు. తనకు పుట్టిన కొడుకు అలాంటిలాంటివాడు కాదని చెప్పి, వాడి కోసం ఒక జత ఎర్ర బూట్లు కూడా కొని గొంగడిలో దాచుకున్నాడు.

సంక్రాంతి వెళ్లిన కొద్దిరోజులకు, ఒక పొద్దున వాళ్లిద్దరూ నాంపల్లి స్టేషను ముందు రోడ్డుకు చెరో పక్కకూ చేరేసరికి, స్టేషను గేటులోంచి సౌభాగ్య బయటికొచ్చింది. నెత్తిన మూట, చంకలో పిల్లవాడు. వెనక కుంటుతూ పోచయ్య. ఇద్దరు మగవాళ్లూ రెండు పక్కల నుంచి ఒకేసారి పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు పంపిన్రు అక్కా?" అన్నాడు రాజమల్లు.

"ఎవలు పంపుతరు? నేనే వచ్చిన. ఆడ ఒకామె కొమురయ్య అంటది. పక్కూరికెల్లి ఒకాయన బక్కయ్య అని కబురంపుతడు. నా కొడుక్కు రెండు పేర్లుండి గూడ పిలువనీకి ఒక్క పేరు లేదు. మీ ముసలోళ్ల కలలతోని నాకేం పని? మోకాళ్లు సూపెట్టుకోను మన పోచయ్య కాక పట్నం బండెక్కుతుంటే ఎనకవడి నేనూ ఎక్కిన."

బీరయ్య ఆ మాటలేవీ వినలేదు. కొడుకును అందుకుని, ముద్దాడి, గొంగడిలోంచి ఎర్ర బూట్లు తీసి తొడిగి, స్టేషను ముందు నేల మీద నిలబెట్టాడు. పిల్లవాడు నడుము విరిగినట్టు ముందుకు వాలి, తండ్రి మోకాలు పట్టుకుని కెవ్వున ఏడ్చాడు. నోరంతా తెరిచి ఏడ్చాడు. ఆ నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

బీరయ్య మెల్లగా తల తిప్పాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి బామ్మర్ది ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఓ రాజమల్లూ! నడుస్తుండంటివి గదరా!"

"నడుస్తడు బావా" అన్నాడు రాజమల్లు వెనక్కి జరుగుతూ. "జర మెల్లగ నడుస్తడు."

"పండ్లు ఏడున్నయిరా?"

"వస్తయి బావా. యాడికి పోతయి?"

బీరయ్య నవ్వాలో తన్నాలో తేల్చుకోలేక నిలబడిపోయాడు. విస్తరాకుల కట్టలు కింద పెట్టి కొండమ్మ కూర్చుని మరీ నవ్వింది. సంగతంతా ఆమె నోట విని సౌభాగ్య తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ తర్వాతగానీ ఒట్లు తప్పిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రాజమల్లు గబుక్కున నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అక్కా, మాట్లాడేసినం. అమ్మకేమన్న అయితదా?"

"నిన్న మాపటికి ముగ్గురితోని కొట్లాడి గట్టిగనే ఉంది. నీ ఒట్టుకు అయ్యే మనిషి కాదు, ఫికర్ చెయ్యకు."

కొండమ్మ పిల్లవాడిని ఒళ్లోకి తీసుకుంది. బొద్దుగా, మడతలు మడతలుగా, బరువుగా ఉన్నాడు. "ఏం పేరు వీనిది?" అని అడిగింది.

"బక్క—" అన్నాడు బీరయ్య. "కొమురయ్య!" అన్నాడు రాజమల్లు, అదే క్షణంలో.

"బక్క కొమురయ్యనా!" కొండమ్మ పిల్లవాడి తొడ పట్టుకుని చూసి మళ్లీ నవ్వు మొదలుపెట్టింది. "గీ గుమ్మడికాయకు బక్క కొమురయ్యనా?" ఆమె నవ్వుతుంటే పిల్లవాడు ఏడుపు ఆపి ఆమె నోట్లోకి చూసి, తనూ నవ్వాడు. సౌభాగ్య మూట ఎత్తుకుంటూ, "అదే ఉండనియ్యి. నవ్వుతుండు గదా" అన్నది.

పేరు ఊరికి చేరితే పెద్ద గొడవ లేస్తుందనుకున్నారు గానీ లేవలేదు. తన తండ్రి పేరు ముందుంది కాబట్టి గెలుపు తనదేనని వియ్యంకుడు మీసం దువ్వుకున్నాడు. బక్క అన్నది ముద్దుకు అనే మాటేననీ, అసలు పేరు కొమురయ్యేననీ పోశవ్వ ఊరంతా చెప్పుకుంది.

సౌభాగ్య పట్నంలోనే ఉండిపోయింది. బీరయ్య తిరిగి అర్రలోకి వచ్చాడు. ఉప్పు సంగతి సౌభాగ్య చూసుకుంది. పొద్దున్నే బావా బామ్మర్దులు రోడ్డుకు ఒకే పక్కన నడిచేవారు. ఇక తపాలా మోసే పని లేదు కాబట్టి కొండమ్మ తన దారిన హాయిగా పోవచ్చు, అయినా ముచ్చట కోసం వాళ్ల పక్కనే నడిచేది.

అయితే బీరయ్య ఎర్ర బూట్లను అంత తొందరగా మర్చిపోయే మనిషి కాదు. చలి తగ్గి పోచయ్య మళ్లీ గొంగళ్లతో రావడం మొదలుపెట్టాక, తిరుగుప్రయాణంలో అతని చేత పోశవ్వకు కబుర్లు పంపడం బీరయ్య పనైంది. రాజమల్లుకు అన్నం సయిస్తలేదనీ, రాత్రి నిద్రలో మాట్లాడుతున్నాడనీ, వకీలు గారి చామంతి పూలు తెంపుకుని ఒక్కడే నవ్వుకుంటున్నాడనీ, పిల్లను చూడకపోతే పట్నంలో చెయ్యి దాటిపోయేట్టున్నాడనీ వారం వారం ఒక్కో ముచ్చట పోయింది. వాటిలో ఒక్కటీ నిజం కాదు. రాజమల్లు మూడు పూటలా తిని గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

ఎండలు ముదరకముందే పోశవ్వ పిల్లను చూసి, మాటిచ్చి, ముహూర్తం కూడా పెట్టించింది. ఆ సంగతి పోచయ్య వచ్చి చెప్పినప్పుడు రాజమల్లు బావ వైపు చూశాడు. బీరయ్య కొడుకును భుజాల మీద ఎక్కించుకుని, గల్లీ చివరి దాకా పోయి, అక్కడ ఆగి వెనక్కి తిరిగి నవ్వాడు.

"పిల్ల ఎట్లుంటదట?" అని రాజమల్లు పోచయ్యను గొంతు తగ్గించి అడిగాడు.