తమ్ముడి గడ్డం

ఆ అన్నదమ్ములది రెండు కుర్చీల సెలూన్. పొద్దున్నే షట్టర్ పూర్తిగా ఎత్తకముందే ఒకరికొకరు గడ్డం గీసుకునేవాళ్లు. కత్తి పదును ముందు సొంత చర్మం మీద తేలాలని వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి అది.

అన్నయ్య చెయ్యి వెన్న. గడ్డం గీయించుకుంటూ కునుకు తీసేవాళ్లు కూడా ఉండేవాళ్లు. అలాంటి చేతికి తిమ్మిరి పట్టుకుంది. మొదట దువ్వెన జారింది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం గగనమైపోయింది. నడుస్తుంటే కాళ్లు తూలేవి. వయసు మీద పడుతోందిలే అని కొట్టిపారేశాడు తప్ప ఎవరికీ చెప్పలేదు, మొండిఘటం! రోజూ గొంతు అప్పగించే తమ్ముడికి ఒకరు చెప్పాలా? ఒకరోజు దవడ కింద గాటు పడింది. తమ్ముడు గాటుకు పటిక అద్దుకుని షట్టర్ ఎత్తేశాడు. మర్నాటి నుంచి గడ్డం పెంచడం మొదలుపెట్టాడు.

"ఫ్యాషన్ అన్నయ్యా," అన్నాడు.

ఆ గడ్డం ఆ మొహానికి ఏ కోశానా నప్పలేదు. అసలు సంగతి అన్నయ్యకు అర్థమైపోయింది. ఆ సాయంత్రమే భార్య దగ్గర బయటపడ్డాడు. ఆవిడ ఇంకో మాట లేకుండా చెప్పులేసుకుని ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

మెడ ఎముకల మధ్య ఉండే మెత్తని దిండ్లు రెండు చోట్ల జారి వెన్నుపామును నొక్కుతున్నాయని డాక్టరు చెప్పాడు. గొంతు పక్కన కోసి, వాటిని తీసేసి, చిన్న ప్లేటు బిగించి ఎముకలు అతుక్కునేలా చేస్తామన్నాడు.

"ఇంకా చెడిపోకుండా ఆపడానికే ఈ ఆపరేషన్. పోయిన పట్టు ఎంతవరకు తిరిగొస్తుందో మాటివ్వలేను."

"కత్తి పట్టుకోగలనా డాక్టరుగారూ?"

"చూద్దాం."

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే, "ఇన్నాళ్లూ అందరూ నాకు గొంతులు అప్పగించారు. ఇవాళ నా వంతు," అని నవ్వాడు. భార్యకు మాత్రం నవ్వు రాలేదు.

మెలకువ వచ్చాక గొంతు బొంగురుపోయింది, మింగుదామంటే నొప్పి, మెడకు పట్టీ. ఆ తర్వాత మెల్లగా నడక నిలకడపడింది. నిద్ర పట్టింది. ఒక పొద్దున చొక్కా గుండీలన్నీ తనే పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చూసిన భార్య కొంగుతో కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. చిటికెన వేలికి స్పర్శ పూర్తిగా రాలేదు. మెడ మునుపటిలా తిరగదు, ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. "దొరగారికి దర్జా పెరిగిందే!" అని పక్క కొట్టాయన ఆటపట్టించేవాడు. తిరిగొచ్చిందే పదివేలు అనుకున్నాడు అన్నయ్య. తన మెడ మీద చెయ్యి వేసిన ఆ డాక్టరుకు రోజూ మనసులోనే దండం పెట్టుకునేవాడు.

ఇంట్లోవాళ్లు మాత్రం ఆయన్ని గాజుబొమ్మను చేసేశారు. తడి తువ్వాలు మంచం మీద పడేసినా ఎవరూ పల్లెత్తు మాట అనరు. పనికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాక షాపుకు వెళ్లి కత్తెర పట్టాడు కానీ, గడ్డం కత్తి జోలికి పోలేదు. భయం. ఒకసారి తమ్ముడి రక్తం చూసిన చెయ్యి కదా!

ఒక పొద్దున తమ్ముడు షట్టర్ సగంలోనే ఆపేశాడు. కత్తెరతో గడ్డం పొట్టిగా కత్తిరించుకుని, సబ్బు నురగ పట్టించుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"దురద పుడుతోంది. తీసెయ్."

"నువ్వే గీసుకోరా."

"నాకు నేను గీసుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాను? కానివ్వు."

కళ్లు మూసుకుని గొంతెత్తాడు. అన్నయ్య కత్తి అందుకున్నాడు. మెడ వంగదు, గడ్డం కింద కనబడదు. పొట్టి స్టూలు లాక్కుని, దాని మీద కూర్చుని, కత్తి ఆనించాడు. చెయ్యి వణకలేదు. మెల్లగా చివరిదాకా వచ్చాడు. ఎక్కడా రక్తం చుక్క లేదు. బతికించావురా దేవుడా అనుకుని, తువ్వాలుతో తమ్ముడి మొహం తుడిచాడు.

తమ్ముడు దవడంతా తడుముకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఏంటన్నయ్యా ఇది? ఈ పక్కంతా గరుకుగా వదిలేశావు! పనంటే ఇదేనా? బయటివాళ్లయితే ఈపాటికి లేచిపోయేవాళ్లు!"

ఆపరేషన్ అయ్యాక ఆయన్ని ఒకరు తిట్టడం అదే మొదటిసారి. అద్దంలో తన మొహం మసకబారింది.

"అరవకురా," అన్నాడు, బ్రష్షు మళ్లీ నురగలో ముంచుతూ. "కదలకుండా కూర్చో."